లైను బాగానే ఉంది

నవంబరు 17, ఆదివారం

చిరంజీవి బావమరిదికి,

బావ దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ అలాగే ఉన్నావని మీ అక్క నోట వింటూనే ఉన్నాను. ఇలా క్షేమసమాచారాలతో మొదలుపెట్టడం మా నాన్న అలవాటు. ఇంటికి నిప్పంటుకున్నా సరే, ఆయన ఉత్తరం "మేమంతా క్షేమం" అనే మొదలయ్యేది. ఆయన వంశంలో పుట్టినవాణ్ని, నేను మాత్రం ఎలా మారతాను?

నాలుగేళ్లుగా నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. మెయిళ్లు రెండు పంపాను, గోడకు చెప్పుకున్నట్టే అయింది. అందుకే కాగితం పట్టాను.

ముందు ఇంటి సంగతులు. మీ అక్క ఇంకా ఆ క్లినిక్‌లోనే రికార్డులు చూస్తోంది. డాక్టర్లు ఇద్దరు మారారు గానీ ఆవిడ కుర్చీ మారలేదు. కళ్లజోడు వచ్చింది, పెట్టుకోదు. అడిగితే, నాకు బాగానే కనబడుతోంది, మీరు అనవసరంగా ముందుకొచ్చి నిలబడకండి అంటుంది. నీ మేనకోడలికి పద్నాలుగు నిండాయి. నాకంటే అరంగుళం పొడుగు, నాకంటే అణా ఎక్కువ పొగరు. లెక్కల్లో మాత్రం మేనమామ పోలికే: జవాబు వచ్చాక కూడా వదలదు, ఇంకో దారిలో వస్తుందేమో చూస్తానంటుంది.

ఇక నా సంగతి. మన సంఘం మొదటి శనివారం సమావేశాలు నడపడం వదిలేశాను. నిన్న జరిగిన వార్షిక సభే నాకు చివరిది.

పన్నెండేళ్లు, ఆలోచించు. గ్రంథాలయం పై అంతస్తులో ఆ పొడుగు గది, ప్రతి నెలా మొదటి శనివారం. మొట్టమొదటి సమావేశానికి ఎంతమంది వచ్చారో గుర్తుందా? నువ్వూ నేనూ కాక నలుగురు. అందులో ఒకాయన గోడ మీద "కంప్యూటర్ మిత్రులు" అని చూసి, రిపేరు చేసే చోటనుకుని ప్రింటరు మోసుకొచ్చాడు. నువ్వు "పోనీలెండి బావా, మనిషి మెట్లెక్కి వచ్చాడు" అని కింద కూర్చుని దాన్ని బాగుచేశావు. ఆయన మళ్లీ రాలేదు గానీ, ఆ రోజు మొత్తంలో పని పూర్తయిందంటే అదొక్కటే.

అప్పటికీ ఇప్పటికీ పని మాత్రం ఏం మారలేదు. కుర్చీలు వేయడం, కుర్చీలు తీయడం. మాట్లాడతానని ఒప్పుకుని ముందురోజు జ్వరం తెచ్చుకునే వక్తలు. ప్రొజెక్టరుకు ఒక మూతి, లాప్‌టాప్‌కు ఇంకో మూతి, రెంటినీ కలిపే ముక్క ఎప్పుడూ ఎవరి సంచిలోనో. వెళ్లేటప్పుడు అభిప్రాయాలు రాయమని కాగితాలిస్తే, మూడొంతుల మంది "టీ చల్లారింది" అని రాస్తారు. గంటన్నర పాటు ఒక మనిషి గొంతు చించుకుంటే, జనానికి గుర్తుండేది టీ. ఈమధ్య ఒక శనివారం తొమ్మిది మంది వచ్చారు. ముగ్గురు ఉద్యోగాల కోసం, ఒకడు ఫోన్ ఛార్జింగ్ కోసం. ఆ ఛార్జింగ్ అబ్బాయే చివరిదాకా కూర్చుని చప్పట్లు కొట్టాడు, వాడి ఫోన్ నిండేదాకా.

అలసట అంటే ఒళ్లు నొప్పులు కాదు, అది నీకు చెప్పక్కర్లేదు. వేదికెక్కి "మనమంతా ఒక కుటుంబం" అని నెలనెలా అంటుంటాను కదా. ఒక నెల ఆ మాట అంటుండగానే, అంటున్నది నేనేనా అనిపించింది. కుటుంబంలో మనిషే లేడు, ఇక సంఘంలో కుటుంబం ఏమిటి?

నిన్నటి సభ ఎప్పటిలాగే ఆ సాంకేతిక కళాశాల హాల్లోనే జరిగింది. ఆ హాలు పేరెత్తితే నీకు ఒళ్లు మండుతుందని తెలుసు. అయినా అక్కడ జరిగిన ఒక సంగతి నీకు చెప్పి తీరాలి, ఎందుకంటే అది నీ సొత్తు.

ఒకావిడ ఉంది. బస్సు డిపోలో డ్యూటీ గుమస్తా. అందరం డిపో ఆవిడ అనే పిలుస్తాం. నలభై ఏడేళ్లు. పదకొండేళ్ల పాటు డ్రైవర్ల డ్యూటీ చార్టులు పెన్సిలుతో గీసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ గీసి, విసిగిపోయి సాయంత్రం క్లాసుల్లో చేరి ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. మన గదిలో తలుపు పక్క కుర్చీలో రెండేళ్లు కూర్చుంది. ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ వేసవిలో ఒక శనివారం కుర్చీలు తీస్తుంటే దగ్గరకొచ్చి, "సార్, నేనొకటి చేశాను, ఎవరికైనా చూపించొచ్చా?" అంది.

ఆవిడ చేసింది ఇదీ. డ్రైవర్లు తమ డ్యూటీలు ఫోన్లో చూసుకుంటారు, ఒకరి డ్యూటీ ఒకరు మార్చుకుంటారు. డిపో షెడ్డులో సిగ్నల్ ఉండదు. మార్పులు ఫోన్లోనే దాక్కుని, బస్సు రోడ్డెక్కి సిగ్నల్ తగలగానే వెళ్లి కలుస్తాయి. ఏదీ పోదు, ఏదీ రెండుసార్లు పడదు. ఈ పద్ధతి నాకు కొత్త కాదు. లోపల ఏం వాడారమ్మా అని అడిగాను. "తెప్ప అని ఒకటి ఉచితంగా దొరుకుతుంది సార్" అంది.

నీ తెప్పే. క్లినిక్‌లో లైను తెగినప్పుడల్లా రోగుల వివరాలు సగం ఎగిరిపోతున్నాయని మీ అక్క ఏడుపుమొహం పెడితే, ఆవిడ కోసం నువ్వు రాసిన తెప్ప.

అది ఎవరు రాశారో ఆవిడకు తెలియదు. నేను చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం ఆవిడ వంతు. రెండు వందల మంది జనం. ఇస్త్రీ మడతలు విప్పని చీర, చేతిలో రాసుకున్న కాగితాలు. ఫోన్‌ను నెట్ నుంచి తప్పించి డ్యూటీలు మార్చి చూపించింది. మళ్లీ నెట్ కలిపింది. తెర మీద ఏమీ రాలేదు. చక్రం తిరుగుతోంది. ఇంకా తిరుగుతోంది.

మూడో వరసలోంచి ఎవడో, "అక్కా, బస్సు మిస్సయిందా?" అన్నాడు. హాలు గొల్లుమంది.

ఆవిడ జనం వంక చూడలేదు. మైకు వంకే చూస్తూ, "నాదే తప్పయి ఉంటుందండీ, క్షమించండి" అని లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసింది.

నేను హాలు చివర నిలబడి ఉన్నాను. ఎలా వెళ్లానో తెలియదు. ఈ మోకాళ్లతో నాలుగు మెట్లు రెండంగల్లో ఎక్కాను. "మూత వేయొద్దమ్మా" అన్నాను. మైకు తీసుకుని జనంతో, ఈ హాలు లైను బాధ్యత మాది, ఆవిడది కాదు అని చెప్పాను. అంతకుముందు మాట్లాడినాయన ఏదో పెద్ద ఫైలు అందరినీ దించుకోమన్నాడు. రెండు వందల మందీ ఒక్కసారే లాగుతుంటే లైను పీక పిసికినట్టయింది. అందరూ అది ఆపండి, ఆపేదాకా ఆవిడా కదలదు, నేనూ కదలను అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మూడు నిమిషాలు పట్టింది. తర్వాత తెర మీద ఒక మార్పు వచ్చి పడింది. దాని వెనక ఇంకోటి. మొత్తం పదకొండు, ఏ వరసలో చేసిందో అదే వరసలో, ఒక్కటి తప్పిపోకుండా. ఆ తర్వాత చప్పట్లు. బస్సు మిస్సయిందా అన్నవాడే లేచి నిలబడి, లోపల ఏం వాడారండీ అని అడిగాడు.

ఆవిడ చివరి స్లైడ్ చదివింది. నేను మాట మార్చకుండా రాస్తున్నాను. "తెప్ప రాసినాయన ఎవరో నాకు తెలియదు. నాలుగేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా మా డిపోలో నూట నలభై మంది డ్రైవర్లు రోజూ దాని మీదే నడుస్తున్నారు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి."

బావమరిదీ, ఐదేళ్ల కింద అదే వేదిక మీద నీకు రావలసిన చప్పట్లు నిన్న వచ్చాయి. నువ్వు లేవు.

ఆ రోజు నాకు ఈ అక్షరాల కంటే స్పష్టంగా కనబడుతోంది. నువ్వు జనం చూస్తుండగా లాప్‌టాప్‌ను నెట్ నుంచి తప్పించావు, వివరాలు నింపావు, మళ్లీ కలిపావు, ఏమీ రాలేదు. నాలుగు నిమిషాలు నిలబడ్డావు. ఎవరో "తెప్ప మునిగింది!" అని అరిచారు. తెప్పను తీసుకుందామని చూడ్డానికి వచ్చిన ఆరు క్లినిక్‌ల వాళ్లు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. అప్పట్లో నువ్వు మా ఇంట్లోనే, మేడమీద గదిలో ఉండేవాడివి. ఏడాదిపాటు ఆ బగ్ కోసం వెతికావు. దొరకలేదు. అప్పుడే ఎవరో ఆ సభ గురించి సంఘం వేసిన పాత నివేదిక నీకు చూపించారు. అందులో నేను రాసిన వాక్యం ఉంది: "వక్త తగిన సాధన లేకుండా వచ్చారు." ఆ మర్నాడు నువ్వు పెట్టె సర్దుకున్నావు. గేటు దగ్గర నాతో ఒకే మాటన్నావు, "సాధన చేసింది మీ ఎదురుగానే కదా బావా" అని.

అవును, నా ఎదురుగానే. వారం రోజులు భోజనాల బల్ల మీద గ్లాసులు పక్కకు జరిపి చేశావు. ఆ వాక్యం రాయడం నా తప్పు. రాయకుండా ఉండాల్సింది. నన్ను క్షమించమని ఈ ఉత్తరం.

నిన్న సభ అయ్యాక టీ దగ్గర డిపో ఆవిడ నా దగ్గరకొచ్చింది. "మీరు పైకి రాకపోయుంటే ఆ మూత వేసేసి ఇంటికెళ్లిపోయేదాన్ని సార్. మళ్లీ ఈ గడప తొక్కేదాన్ని కాదు" అంది. నా చేతిలో టీ ఉంది. తాగలేకపోయాను. కిటికీ అంచు మీద పెట్టేసి వచ్చాను.

ముగింపులో నాకు జ్ఞాపిక ఇచ్చారు. పన్నెండేళ్ల సేవ, పెద్ద మనసు, ఒక మనిషి పరువు కాపాడారు అని ఏవేవో చెప్పారు. మైకు నా చేతికిచ్చారు. కుర్చీలు మోసిన వాలంటీర్లకు కృతజ్ఞతలు చెప్పి దిగిపోయాను.

వచ్చే నెల నుంచి మొదటి శనివారాలు డిపో ఆవిడ నడుపుతుంది. గ్రంథాలయం చూసుకునే ఆవిడ తాళం చెవి ఇస్తూ, ఆరింటికి లైట్లు ఆర్పేస్తాను సుమా అని డిపో ఆవిణ్ని కూడా అప్పుడే బెదిరించింది. తెప్పలో చిన్నచిన్న మరమ్మతులు తానే చూసుకుంటానని డిపో ఆవిడ అంటోంది, రాసినాయన అనుమతి కావాలని అడుగుతోంది. ఆయన నాకు తెలుసని మాత్రం చెప్పాను, నీ పేరూ చిరునామా ఇవ్వలేదు. అడిగి చెబుతానన్నాను. నీకు ఇష్టమైతే మీ అక్కతో ఒక మాట చెప్పు చాలు. నాతో చెప్పక్కర్లేదు.

వేళకు తిను. నువ్వు పనిలో పడితే తిండి మరిచిపోతావని ఇక్కడ రోజూ ఒకరు అనుకుంటూనే ఉంటారు.

ఇట్లు,
నీ బావ

తా.క. ఇది గురువారం రాస్తున్నాను. పై ఉత్తరం ఆదివారమే ముగించి కవర్లో పెట్టాను. నాలుగు రోజులుగా బల్ల మీదే ఉంది. చెప్పాల్సింది అందులో లేదు కాబట్టి పోస్టు డబ్బా దాకా వెళ్లలేకపోయాను.

ఐదేళ్ల కింద నువ్వు డెమో చేస్తున్నప్పుడు నేను వేదిక వెనక గదిలో ఉన్నాను. స్పాన్సర్ల మేనేజరు వచ్చి, మా పెద్దాయన లాబీలో మా స్టాలు ముందు నిలబడ్డాడు, లైను రావట్లేదు, ఏదో ఒకటి చేయండి సార్ అని ప్రాణం తోడేశాడు. గోడకు బిగించిన నెట్ పెట్టెలో తీగకొకటి చొప్పున వరసగా దీపాలున్నాయి. అన్నీ మిణుకుమిణుకుమంటున్నాయి, ఒకటి మాత్రం కదలకుండా వెలుగుతోంది. దాన్ని ఎవరూ వాడటం లేదనుకుని, ఆ తీగ పీకి వాళ్ల తీగ పెట్టాను.

అది వేదిక లైను. నువ్వు అప్పుడే జనానికి చూపించడం కోసం నెట్ నుంచి తప్పుకున్నావు. అందుకే ఆ దీపం కదలడం లేదు. నువ్వు మళ్లీ కలిపేసరికి నీ లాప్‌టాప్, వేదిక మీది రౌటర్ కలిసే ఉన్నాయి, నీకంతా సరిగ్గానే కనబడింది. ఆ రౌటర్ అవతల మాత్రం ఏమీ లేదు. నవ్వులు విని పరుగెత్తి తీగ మార్చాను. అప్పటికి నువ్వు మెట్లు దిగిపోయావు.

ఇంతవరకు పొరపాటు. తర్వాతది కాదు. ఆ సాయంత్రం నువ్వు నన్ను అడిగావు, "బావా, లైను బాగానే ఉందా?" అని. "బాగానే ఉంది" అన్నాను. జనం ముందు నేను నవ్వులపాలవుతానని భయపడ్డాను, అంతే. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు నువ్వు అప్పటికే వెతకడం మొదలుపెట్టావు. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. వారం తర్వాత నివేదిక రాయాల్సి వస్తే, కారణమంటూ ఏదో ఒకటి కావాలి కదా, నీ మీద రాశాను.

తెప్పలో బగ్ లేదు. ఆ రోజూ లేదు, ఆ తర్వాత ఏడాదిలోనూ లేదు. మేడమీద గది గోడ నిండా నువ్వు పెన్సిలుతో బాణాలు గీసుకున్నావు. వాటి చివర ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసే, ఆ గదికి నీకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవాణ్ని.

సోమవారం పాత నివేదికలో ఆ వాక్యం కొట్టేసి, జరిగింది కింద రాసి, నా సంతకంతో సంఘంలో అందరికీ పంపాను. జ్ఞాపిక తిరిగి ఇచ్చేశాను. డిపో ఆవిడ ఏమీ జవాబివ్వలేదు. ఇవ్వాలని నేను ఆశించడం లేదు. ఊళ్లో అందరికీ చెప్పి నీకు ఆఖరున చెబుతున్నాను. ఇందులో కూడా వరస తప్పాను.

నిన్న మీ అక్కకు చెప్పాను. బట్టలు మడతపెడుతూ వింది. మడతపెట్టడం ఆపలేదు. అన్నీ అయ్యాక, "ఏడాదిపాటు వాడు కంచం ముందు కూర్చుని ఆ తెరే చూస్తుంటే, మీరు పక్కన కూర్చుని కూర వడ్డించారు" అంది. లోపలికి వెళ్లిపోయింది.

ఈ ఉదయం నేను కవరు మీద నీ చిరునామా రాయబోతుంటే వచ్చి, నా చేతిలోంచి కలం తీసుకుంది. "మీ దస్తూరీ చూస్తే వాడు విప్పడు" అని తనే రాసింది. నిన్నటి నుంచి ఆవిడ నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే.